స్వామి రామానంద తీర్థ: సన్యాసికి సంస్థాన పోరాటంతో పనేమిటి?

దేవరకొండ సాంఘికం సారు

సభ్యులందరికీ నమస్కారం. నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. సెప్టెంబరు 17 దగ్గర పడుతున్నందున పదో తరగతి పిల్లలకు హైదరాబాదు సంస్థాన పోరాటాన్ని రెండు పీరియడ్లలో వివరించాను. నిజాం పాలనకు వ్యతిరేకంగా హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నడిపిన స్వామి రామానంద తీర్థ పేరు రాగానే వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “సారూ, సన్యాసి అంటే అన్నీ ఇడిసిపెట్టినోడు కదా, మరి అన్నీ ఇడిసిపెట్టినోడు కాంగ్రెసుకు అధ్యక్షుడెట్లయిండు?” అని అడిగింది.

దేశభక్తి వల్ల అయ్యారని చెప్పి పాఠం ముందుకు నడిపాను. ఆ పిల్ల కూర్చుంది గానీ ఆమె ముఖంలో జవాబు దొరికిన తృప్తి కనిపించలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నాకూ తృప్తి కలగలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతూ, ఆయన పేరులోని ‘తీర్థ’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ కాషాయానికీ ఆ సత్యాగ్రహానికీ సంబంధమేమిటో నేను ఒక్కనాడూ పిల్లలకు చెప్పలేదని తెలిసి బాధ కలిగింది. పాఠ్యపుస్తకంలో ఆయనకు దక్కింది కొన్ని వాక్యాలు మాత్రమే. 1938 సత్యాగ్రహం, 1946లో స్టేట్ కాంగ్రెసు అధ్యక్షత, 1947 ఆగస్టు 15న అరెస్టు, అంతటితో సరి. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పెద్దలు, పాఠకులు ఇక్కడ చాలామంది ఉన్నారు. రేపు ఆ అమ్మాయికి నేను మళ్ళీ చెప్పవలసిన జవాబును వెతకడంలో సాయం చేయవలసిందిగా కోరుతున్నాను.

పాలమూరు పాఠకుడు

సారూ, ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. జవాబు ఆయన జీవితంలోని ఘటనల వరుసలోనే ఉన్నదని నాకనిపిస్తుంది. మనం సాధారణంగా ‘సన్యాసి రాజకీయాల్లోకి వచ్చాడు’ అంటాం. నిజానికి వరుస తలకిందులుగా ఉంది.

ఆయన 1903 అక్టోబరు 3న నేటి కర్ణాటకలోని సిందగిలో పుట్టారు. పూర్వాశ్రమంలో పేరు వెంకటేశ్, ఇంటిపేరు ఖేడ్గీకర్. 1920 ఆగస్టు 1న తిలక్ మరణించినప్పుడు, ఇంకా చదువుకునే వయసులోనే, పెళ్ళి చేసుకోననీ బతుకంతా దేశసేవలోనే గడుపుతాననీ ప్రతిన పూనారు. తర్వాత సహాయనిరాకరణ గాలిలో సర్కారు చదువు వదిలి జాతీయ విద్యాసంస్థల్లో చదివారు. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి దగ్గర పనిచేస్తూ మిల్లు కార్మికుల బతుకులను దగ్గరగా చూశారు. ఆరోగ్యం దెబ్బతిన్నాక ఆ పని సాగలేదు. అప్పుడు ఉస్మానాబాదు జిల్లా హిప్పర్గాలో ఉన్న జాతీయ పాఠశాలకు వచ్చి పంతులయ్యారు. ఆ ఊరు నిజాం సంస్థానంలోనిది. సన్యాసం తీసుకున్నది ఇవన్నీ అయ్యాక, 1932లో.

అంటే దేశసేవ ముందు వచ్చింది, కాషాయం తర్వాత వచ్చింది. సేవకు పూర్తిగా తనను ఇచ్చుకోవడానికి అడ్డంగా మిగిలిన చివరి ముడిని, అంటే ‘నా ఇల్లు, నా పేరు, నా కులం’ అన్న ముడిని, ఆయన సన్యాసంతో విప్పుకున్నారు. మీ విద్యార్థిని అన్నట్లు ఆయన అన్నీ విడిచిపెట్టారు, నిజమే. విడిచిపెట్టినవి తనవి. ఊరివాళ్ళ కష్టం ఆయన సొంత ఆస్తి కాదు కదా, విడిచిపెట్టడానికి.

ఇక ‘తీర్థ’ గురించి. ఆయన స్వీకరించింది స్వామి రామతీర్థ పరంపర. రామతీర్థ 1873లో పుట్టి, లాహోరులో గణితశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసి, సన్యసించి, జపాను, అమెరికాల్లో వేదాంతం చెప్పి, 1906లో గంగలో మునిగి దేహం చాలించారు. ముప్ఫై మూడేళ్ళ జీవితం. ఆయన చెప్పిన దానిని ఆచరణ వేదాంతం అంటారు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని నోటితో అన్నవాడు, పక్కవాడి ఆకలిని తన ఆకలిగా తీసుకోకపోతే ఆ మాట ఉత్త మాటే అన్నది దాని సారం. లెక్కల పంతులు సన్యాసి అయితే, ఆ సన్యాసి దారిలో ఇంకో పంతులు సన్యాసి అయ్యాడు. ఈ పోలిక నాకు చాలా ఇష్టం.

మూసీ గట్టు

పెద్దలు మన్నించాలి. నాకు స్వామి మీద గౌరవం తక్కువేమీ లేదు. అయితే నల్లగొండ జిల్లా మనిషిగా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

మా ఊరిలో వెట్టి ఆగింది కాంగ్రెసు సత్యాగ్రహంతో కాదు, సంగంతో. మా నాయనమ్మ ‘సంగపోళ్ళు వచ్చినంక దొర గడీ ముందర చెప్పులేసుకొని నడిసినం’ అని చనిపోయేదాకా చెప్పేది. సంస్థానంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ 1944లో భువనగిరిలో చీలింది, అప్పటి నుంచి పల్లెల్లో సంగం అంటే ఎర్రజెండానే. 1946 జూలై 4న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. సరిగ్గా ఆ ఏడాదే స్టేట్ కాంగ్రెసు మీద నిషేధం తొలగింది, స్వామి అధ్యక్షుడయ్యారు. మా పల్లెల్లో రక్తం పారుతున్న రోజుల్లో వాళ్ళు హైదరాబాదులో అధ్యక్ష ఎన్నిక జరుపుకుంటున్నారు. మరాఠ్వాడాలో పనిచేసిన ఒక స్వామిని మన పిల్లలకు మన పోరాట నాయకుడిగా చెబుతున్నప్పుడు, ఆ పక్కనే కొమరయ్య పేరు చెప్పకపోతే పిల్లలు చరిత్రను సగమే నేర్చుకుంటారు.

భువనగిరి బాట

మూసీ గట్టు గారూ, మీ నాయనమ్మ మాట అక్షరాలా నిజం. మా ఇంట్లోనూ అదే మాట విన్నాను. అయితే ఆ రెండు పాయలూ మొదట ఒక్క చోటనే పుట్టాయని గుర్తు చేయాలనిపిస్తుంది.

1938 సెప్టెంబరులో స్టేట్ కాంగ్రెసు లాంఛనంగా ఏర్పడకముందే నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అక్టోబరు 24న ఆ నిషేధాన్ని ధిక్కరించిన మొదటి జట్టులో గోవిందరావు నానల్‌తో పాటు అరెస్టయిన వారిలో రావి నారాయణరెడ్డి గారు ఉన్నారు. మన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి గారే, 1944లో భువనగిరి సభకు అధ్యక్షత వహించినవారే, 1952లో నల్లగొండ నుంచి దేశంలో అందరికన్నా, నెహ్రూ గారికన్నా, ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచినవారే. ఆ మొదటి జట్టు జైలుకు వెళ్ళిన కొన్ని రోజులకే రామానంద తీర్థ తన జట్టుతో వెళ్ళారు. అప్పుడు కాషాయం కట్టినవారూ తర్వాత ఎర్రజెండా పట్టినవారూ ఒకే నిషేధాన్ని ఒకే తీరున, చేతిలో కర్ర కూడా లేకుండా, ధిక్కరించారు. దారులు వేరయ్యింది తర్వాత.

ఆ దారులు వేరు కావడానికి కారణాలున్నాయి, వాటిని తక్కువ చేయను. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు 1938 అక్టోబరు దగ్గర మొదలుపెడితే, ఇద్దరినీ ఒకే పాఠంలో చెప్పవచ్చు.

ఆసు దారం

నేను పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబంలో పుట్టాను. చరిత్ర పుస్తకాలు ఎక్కువ చదవలేదు గానీ ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఎందుకంటే మా ఊరి పక్కన జలాల్‌పూర్‌లో ఆయన పేరిట గ్రామీణ శిక్షణ సంస్థ ఉంది. ప్రధానమంత్రిగా ఉన్న రోజుల్లో పి.వి. నరసింహారావు గారు తన గురువు పేరు మీద 1995లో దాన్ని నెలకొల్పారు. మా తమ్ముడు ఇంటర్ తప్పి, మగ్గం మీద కూర్చోలేక, పట్నం పోలేక రెండేళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు మా నాన్న వాడిని అక్కడ చేర్పించాడు. ఉండటం, తినటం అక్కడే. ఎలక్ట్రికల్ పని నేర్చుకున్నాడు.

నేర్చుకుని వచ్చిన మొదటి వారం వాడు మా ఇంటి మగ్గం గదిలో వైరింగు మార్చాడు. అంతకు ముందు ఒకే బల్బు నడిమి దూలానికి వేలాడేది. మా అమ్మ ఆసు పోసేటప్పుడు తన చేయి నీడ దారం మీద పడేది. ఆసు పోయడమంటే తెలియనివారికి చెబుతాను: చిటికి కట్టడానికి, అంటే రంగు అద్దే ముందు దారానికి ముడులు వేయడానికి, ముందు దారాన్ని ఒక కొస నుంచి మేకుల మీదికి చేత్తో మళ్ళీ మళ్ళీ తిప్పాలి, ఒక్క చీరకు చేయి వేలసార్లు వెళ్ళి రావాలి. లెక్క తప్పితే రంగు పూవు చెదురుతుంది. వాడు రెండు దీపాలను రెండు పక్కల పెట్టి ఆ నీడ పోయేలా చేశాడు. అమ్మ ఏమీ అనలేదు, పని ఆపి కొంతసేపు గోడ వైపు చూసింది.

సన్యాసి బోధ ఏమిటి అని మీరంతా చర్చిస్తున్నారు. ఆయన గారి బోధ నాకు ఆ గదిలో కనిపించిందని చెబితే తప్పు పట్టకండి.

పాలమూరు పాఠకుడు

అక్కా, తప్పు పట్టేదేముంది, మేము రాసిన వాటన్నింటికన్నా మీరు రాసింది విషయానికి దగ్గరగా ఉంది. రామానంద తీర్థ మొదటగా పంతులు. హిప్పర్గా తర్వాత, 1935లో, అంబాజోగాయి వెళ్ళి యోగేశ్వరి పాఠశాలలో పనిచేశారు. హిప్పర్గాలో తోడున్న బాబాసాహెబ్ పరాంజపే అక్కడా తోడున్నారు. ఉన్నత చదువు చాలావరకు ఉర్దూలోనే సాగిన సంస్థానంలో, మాతృభాషలో పిల్లలకు చదువు చెప్పడమే ఆనాడు పెద్ద ధిక్కారం. బడి పెట్టడానికీ, గ్రంథాలయం పెట్టడానికీ, సభ జరపడానికీ అనుమతి కోసం తిరగవలసిన రోజులు. గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వును మన తాతలు ఎలా తిట్టుకున్నారో పాతవారికి గుర్తుండే ఉంటుంది. దాని కింద సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి.

మన దగ్గరా అదే తీరు. దేవరకొండ సారు గారి ఊరిలోనే 1931లో ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం మా పాలమూరు జిల్లా బిడ్డ బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన జరిగింది. మొదటిది జోగిపేటలో, మా జిల్లావారే అయిన సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన. వారు తెలుగు కోసం చేసిన పనినే రామానంద తీర్థ, ఆయన సహచరులు మరాఠీ కోసం చేశారు. సంస్థానంలో మూడు భాషల ప్రజలు ఒకే కష్టాన్ని మూడు భాషల్లో అనుభవించారు. అందుకే ఆయనను మరాఠ్వాడా మనిషి అని పక్కన పెట్టడం నాకు సరిగా తోచదు.

కృష్ణ అవతలి గట్టు

మాది గద్వాల వైపు. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ఒక ముడి ఇక్కడ పెడుతున్నాను. ఎవరైనా విప్పగలిగితే సంతోషిస్తాను.

రామానంద తీర్థ గాంధీ మార్గం మనిషి. 1938 సత్యాగ్రహం, గాంధీజీ అనుమతితో 1940లో వ్యక్తి సత్యాగ్రహం, 1942, ఇవన్నీ అహింసా మార్గంలోనే జరిగాయి. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరవేసిన రోజున ఆయనను అరెస్టు చేశారు. మధ్యలో కొంతకాలం బయట ఉన్నా, మళ్ళీ లోపలికి పంపారు; 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్య ముగిశాక గానీ బయటికి రాలేదు. ఆ ఏడాది కాలంలో సంస్థానం సరిహద్దుల వెంబడి స్టేట్ కాంగ్రెసు శిబిరాలు వెలిశాయి. కర్నూలు వైపు, బెజవాడ వైపు, షోలాపూర్ వైపు, చాందా వైపు. రజాకార్ల దాడుల నుంచి పారిపోయి వచ్చినవారికి అవి ఆశ్రయమిచ్చాయి, అది గొప్ప పని. కానీ ఆ శిబిరాల నుంచే ఆయుధాలతో సంస్థానంలోకి వెళ్ళి కరోడ్‌గిరీ (సుంకం) నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేశారు. 1948 జనవరి 30న, గాంధీజీ హత్యకు గురైన ఆ రోజునే, నాందేడ్ జిల్లా ఉమ్రీలో కాంగ్రెసు కార్యకర్తలు బ్యాంకును కొల్లగొట్టారు, ఆ డబ్బు ఉద్యమానికే వాడారు.

అధ్యక్షుడు జైల్లో ఉన్నాడన్న మాట నిజం. అయినా ఆ సంస్థ ఆయనదే. అహింసను వ్రతంగా పట్టిన సన్యాసి తన సంస్థ చేతిలో తుపాకిని చూసి ఏమనుకోవాలి?

దేవరకొండ సాంఘికం సారు

మీ ప్రశ్నను పక్కన పెట్టలేను. నాకు తోచినది రాస్తాను.

సన్యాసి అనగానే మనం ఒక నిర్మలమైన బొమ్మను ఊహించుకుంటాం, ఆ బొమ్మకు మరక అంటకూడదనుకుంటాం. కానీ గుహలో కూర్చున్నవాడికి అహింస సులువు. ఊరి మీద రజాకార్లు పడి ఇళ్ళు తగులబెడుతున్నప్పుడు ఆ ఊరివాళ్ళకు నాయకుడిగా ఉన్నవాడికి సులువు కాదు. ఆయన నాయకత్వం వహించిన సంస్థ ఆయుధం పట్టింది, ఆయన ఆ సంస్థను వదిలిపెట్టలేదు. ఇది ఆయన జీవితంలో బరువైన చోటు. దీన్ని దాచిపెట్టి పిల్లలకు పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాగని ఈ ఒక్క చోటు చూపించి మిగిలిన పదేళ్ళ సత్యాగ్రహాన్ని అబద్ధమనడం కూడా న్యాయం కాదు. తన వంతుగా ఆయన ఎంచుకున్నది ప్రతిసారీ జైలునే. 1938లో జైలు, 1940లో జైలు, 1942లో జైలు, 1947లో జైలు. ఎదుటివాడి ఒంటి మీద దెబ్బ వేయకుండా తన ఒంటి మీద వేయించుకునే పద్ధతిని ఆయన వ్యక్తిగా ఎన్నడూ విడవలేదు.

కృష్ణ అవతలి గట్టు

మీరు రాసింది ఒప్పుకుంటాను. ముడి పూర్తిగా విడిపోలేదు గానీ, పట్టుకోవడానికి కొస దొరికింది.

నల్లగొండ పాత బస్తీ

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. నేను ముస్లిం కుటుంబం నుంచి వచ్చినవాడిని, మా పెద్దలు ఆనాడు కచేరీలో చిన్న ఉద్యోగులు. మా ఇంట్లో ఆయన గురించి మాట్లాడేటప్పుడు ‘కాషాయం వేసుకున్న కాంగ్రెస్‌వాలా’ అనేవారు, ఆ మాటలో కొంత అనుమానం ఉండేది. చిన్నప్పుడు నేనూ ఆ అనుమానంతోనే పెరిగాను. తర్వాత చదివి తెలుసుకున్నది వేరు.

1938లో ప్రభుత్వం స్టేట్ కాంగ్రెసును నిషేధించడానికి చూపిన సాకు, అది మతతత్వ సంస్థ అని. కాంగ్రెసు కోరింది ఆసఫ్‌జాహీ వంశపు నీడలోనే బాధ్యతాయుత ప్రభుత్వం. నిజామును దింపేయాలని కూడా అప్పుడు అడగలేదు. అదే సమయంలో ఆర్యసమాజం, హిందూ మహాసభ వేరుగా సత్యాగ్రహాలు మొదలుపెట్టాయి. మూడూ కలగలిసి జనానికి ఒకటిగా కనిపించసాగాయి. అప్పుడు గాంధీజీ సలహాతో స్టేట్ కాంగ్రెసు డిసెంబరు 24న, సరిగ్గా రెండు నెలలకు, తన సత్యాగ్రహాన్ని నిలిపివేసింది. జైళ్ళు నిండుతున్న సమయంలో, ఊపు మీదున్న ఉద్యమాన్ని, ‘మా పోరాటం మతం కోసం అనుకునే ప్రమాదముంది’ అన్న కారణంతో ఆపడమంటే ఎంత కష్టమో ఊహించండి. అందులో ఒంటి మీద కాషాయం ఉన్న మనిషి ఉన్నాడు. హిందువుల పోరాటం అని చెప్పుకొని ఉంటే ఆ కాషాయం ఆయనకు బోలెడంత బలం తెచ్చిపెట్టేది. ఆ బలాన్ని ఆయన వాడుకోలేదు.

నా దృష్టిలో ఆయన చేసిన అసలైన త్యాగం ఇది. ఇల్లు విడవడం, పెళ్ళి మానుకోవడం చాలామంది చేస్తారు. చేతికి అందిన ఆయుధాన్ని, అదీ తన వేషమే ఇచ్చిన ఆయుధాన్ని, పక్కన పెట్టడం చాలా తక్కువమంది చేస్తారు. రజాకార్లను తన పత్రికలో నిలదీసి 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన షోయబుల్లాఖాన్ ఇదే పోరాటపు మనిషి. ఆ పేరు కూడా ఆ అమ్మాయికి చెప్పండి సారూ.

మూసీ గట్టు

భాయ్ సాబ్, మీ టపా రెండుసార్లు చదివాను. ఈ కోణంలో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ధన్యవాదాలు.

అయినా భూమి సంగతి మిగిలే ఉంది. మా తాతగారి పేరిట ఉన్న ముప్ఫై ఎనిమిది ‘ఇ’ పత్రం మా ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే మా నాన్న వెనుక ప్లాస్టరు అంటించాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, తాతగారి వేలిముద్ర. ఆయన రక్షిత కౌలుదారు. దొర భూమిని తరతరాలుగా దున్నిన మాకు అది మాదని సర్కారు రాసిచ్చిన మొదటి కాగితం అది. స్వామి గురించి ఎవరు గొప్పగా మాట్లాడినా నాకు ఆ కాగితం గుర్తుకు వస్తుంది. అందులో ఆయన పాలు ఎంత?

భువనగిరి బాట

న్యాయమైన ప్రశ్న. చట్టం వరుస చూద్దాం. జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో, సైనిక గవర్నరు చౌధురి పాలనలో. కౌలుదారీ చట్టం వచ్చింది 1950లో, వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. మీరు చెప్పిన 38-ఇ సెక్షను అందులో చేరింది 1954 సవరణతో, బూర్గుల ప్రభుత్వ కాలంలో. ఎక్కడా రామానంద తీర్థ సంతకం లేదు. ఆ చట్టాలు అంత త్వరగా రావడానికి మీ సంగం పెట్టిన ఒత్తిడి పెద్ద కారణమని ఒప్పుకోవడానికి నాకేమీ సంకోచం లేదు. 1951 ఏప్రిల్ 18న, తర్వాత భూదానోద్యమం నడిపిన వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చిందీ ఆ మంట చూసే. దళితవాడవాళ్ళు ఎనభై ఎకరాలు అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తాననడం, ఆసు దారం గారి ఊరి దగ్గరే జరిగింది.

మరి స్వామి పాలు ఏమిటి? 1946లో బూర్గుల వర్గంతో పోటీపడి స్వల్ప తేడాతో ఆయన అధ్యక్షుడయ్యారు. నిజాంతో మెల్లగా మాట్లాడి సర్దుకుందామనే మితవాదుల దారి ఒకటి, ప్రజలను కదిలించి పూర్తిగా తేల్చుకుందామనే దారి ఒకటి, ఆయనది రెండవది. ఆ రెండవ దారి గెలవకపోతే జాగీర్లతో సహా సంస్థానం ఏదో ఒక ఒప్పందం కింద అలాగే నిలిచిపోయే ప్రమాదం ఉండేది. గడీలను కూల్చింది సంగమైతే, ఆ గడీలకు నీడనిచ్చిన సింహాసనం రాజీతో బతికిపోకుండా పట్టుబట్టినవారిలో ఆయన ముందున్నారు. ఇంతకు మించి ఆయనకు ఇవ్వను, ఇంతకు తగ్గించనూ లేను.

పాలమూరు పాఠకుడు

దీనికి ఒక్క మాట కలుపుతాను. సంస్థానం కలిసిపోయాక ఆయన ఏం చేశారో చూడండి. అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, 1952లో గుల్బర్గా నుంచి, 1957లో ఔరంగాబాదు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. మంత్రి పదవి తీసుకోలేదు. అంతేకాదు, తాను ఏ రాష్ట్రంలో నాయకుడో ఆ హైదరాబాదు రాష్ట్రమే ఉండకూడదని, భాషల వారీగా మూడు ముక్కలై పక్క రాష్ట్రాల్లో కలవాలని పట్టుబట్టారు. 1956 నవంబరు 1న అదే జరిగింది. దానివల్ల తెలంగాణకు మంచి జరిగిందా అన్నది వేరే చర్చ, నా అభిప్రాయం వేరుగా ఉంది, ఇక్కడ దాన్ని ఎత్తను. తన పీఠం కింద నేలనే వద్దన్న నాయకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే: ఆయన అధ్యక్ష పదవిలో ఉన్నా, దాన్ని ఎప్పుడూ తనదిగా పట్టుకోలేదు.

1972 జనవరి 22న హైదరాబాదులో దేహం చాలించారు. సమాధి బేగంపేటలో ఉంది. మఠం కట్టలేదు, పీఠం పెట్టలేదు, తన తర్వాత స్వామి అని ఎవరినీ కూర్చోబెట్టలేదు. శిష్యుల్లో ఒకరు దేశానికి ప్రధాని అయ్యారు.

దేవరకొండ సాంఘికం సారు

అందరికీ నమస్కారాలు. నిన్న బడిలో మళ్ళీ ఆ పాఠం చెప్పాను. ఈసారి 1920 ఆగస్టు 1 నుంచి మొదలుపెట్టి, హిప్పర్గా బడి, లెక్కల ఆచార్యుడైన రామతీర్థ, 1938 అక్టోబరు 24న ఒకే నిషేధాన్ని ధిక్కరించిన రావి నారాయణరెడ్డి గారు, ఆ వెంటనే వెళ్ళిన స్వామి, కడవెండి కొమరయ్య, షోయబుల్లాఖాన్, అందరినీ ఒకే నల్లబల్ల మీద రాశాను. సుద్దముక్క అయిపోయింది. కృష్ణ అవతలి గట్టు గారి ముడిని కూడా చెప్పాను. ఇద్దరు అబ్బాయిలు తుపాకి పట్టడం తప్పెందుకని వాదించారు, వాళ్ళను వాదించనిచ్చాను.

ఆ అమ్మాయిని లేపి, అన్నీ విడిచిపెట్టినవాడు అధ్యక్షుడెట్లయ్యాడో ఇప్పుడు చెప్పమన్నాను. కొంచెంసేపు ఆలోచించి, “ఆయనకు పోగొట్టుకునేది ఏం లేకుండె సారూ, అందుకే సర్కారు భయపెట్టలేకపోయింది” అన్నది. నేను ఆమెకు చెప్పిన దాంట్లో ఈ వాక్యం లేదు.

తర్వాత ఆమే, “ఆయన పనిచేసిన బడి ఇంకా ఉందా?” అని అడిగింది. అంబాజోగాయిలో యోగేశ్వరి విద్యాసంస్థలు నడుస్తున్నాయనీ, ఆ ఊరి ప్రభుత్వ వైద్య కళాశాలకు, నాందేడ్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారనీ చెప్పాను. అవన్నీ దూరం కదా, దగ్గరలో ఏమీ లేదా అన్నది. అప్పుడు ఆసు దారం గారి తమ్ముడి సంగతి, ఆ రెండు దీపాల సంగతి చెప్పాను. తరగతి మొత్తం జలాల్‌పూర్ చూడాలని పట్టుబట్టింది. దసరా సెలవులకు ముందు వచ్చే శనివారం నలభై ఇద్దరు పిల్లలను తీసుకుని రావాలనుకుంటున్నాను. ఆసు దారం గారూ, మీ అమ్మగారికి ఇబ్బంది లేకపోతే మగ్గం గది కూడా పిల్లలకు చూపించగలరా?

ఆసు దారం

తప్పకుండా రండి సారూ. అమ్మతో చెప్పాను. గది చిన్నది, పదిమంది చొప్పున లోపలికి పంపండి. పిల్లలు ఆసు మేకుల మీద చేయి వేయకుండా చూసుకుంటే చాలు, ఆ రోజుకు చీర దారం మేకుల మీదే ఉంటుంది.